ఖాళీ వదిలిన పేరు

మా ఇంటి ముందుగదిలో ముప్పై ఒక్కేళ్లు టైపు మిషన్ మోగింది. పొద్దున తొమ్మిదింటికి మొదలై, మధ్యాహ్నం ఒక గంట ఆగి, సాయంత్రం ఆరింటికి సద్దుమణిగేది. ఇంట్లో గడియారం ఆగిపోయిన రోజుల్లో కూడా ఆ చప్పుడును బట్టి టైము చెప్పేసేదాన్ని. ఇప్పుడా గది నిశ్శబ్దంగా ఉంటోంది. ఆ నిశ్శబ్దం నేను అర్జీ రాసి మరీ తెచ్చుకున్నది. ఈ సంగతి రాయాలంటే సిగ్గుగా ఉంది. రాయకుండా ఊరుకుంటే ఇంకా సిగ్గుగా ఉంటోంది. అందుకని రాస్తున్నాను.

ఆయన్ని మా వీధంతా టైపు మాస్టారనేది. పక్క ఊరి నుంచి తోపుడుబండి మీద రెండు మిషన్లు, ఒక ట్రంకుపెట్టె, ఒక మడత కుర్చీ వేసుకుని వచ్చినప్పుడు ఆయనకి ముప్పై కూడా నిండలేదు. మా నాన్న గది చూపించి, గోడలకి మేకులు కొట్టకుంటే చాలన్నాడు. నాన్న ఆ మాట అందరితోనూ అనేవాడు, ఎవరూ పట్టించుకునేవాళ్లు కాదు. మాస్టారు మాత్రం పట్టించుకున్నారు. క్యాలెండరు కిటికీ ఊచకి దారంతో కట్టుకున్నారు. ముప్పై ఒక్క క్యాలెండర్లూ అదే ఊచకి వేలాడాయి. గోడలో ఈ రోజుకీ ఒక్క కన్నం లేదు.

ఆయన మొదటి శిష్యురాలిని నేనే. అప్పటికి ఇరవై రెండేళ్లు నాకు. చేతికి పని లేదు, నోటికి మాత్రం పని ఎక్కువ. ఇంట్లో నా నోరు భరించలేక అమ్మ నన్ను ముందుగదిలోకి తోసిందని ఇప్పటికీ నా అనుమానం. మాస్టారు మొదటిరోజే మీటల మీద చేతిరుమాలు పరిచేశారు. కింద ఏ అక్షరం ఎక్కడుందో కనపడదు.

"చేతుల్ని చూడకమ్మా, కాగితాన్ని చూడు. చేతికి దాని దారి అదే తెలుసుకుంటుంది" అన్నారు.

నెల తిరిగేసరికి నిజంగానే తెలుసుకుంది. పరీక్ష పాసయ్యాను. నీళ్ల సరఫరా ఆఫీసులో గుమాస్తా ఉద్యోగానికి దరఖాస్తు ఆయనే కొట్టిపెట్టారు. ఒకే ఒక్క అక్షరం అలుక్కుపోయిందని మూడుసార్లు కొట్టారు. ఆ ఉద్యోగంతోనే ఈ ఇంటికి పై అంతస్తు లేచింది. ఆ సంగతి నాకు తెలియదని కాదు. తెలిసే చేశాను.

ఆ తర్వాత మా ఇంట్లో కాగితమంటే మాస్టారే. నాన్న పోయినప్పుడు ఇల్లు నా పేరు మీదికి మార్చే కాగితాలు, కొళాయి కనెక్షను, మావారి బదిలీ విన్నపం, అన్నీ ఆయన చేతి మీదుగా వెళ్లినవే. మావారు బస్సు కండక్టరు. ఇల్లరికం వచ్చారని ఎవరన్నా అంటే ఆయనకి ఒళ్లు మండుతుంది, బదిలీ మీద వచ్చానంటారు. ఇద్దరం ఉద్యోగస్తులమే కాబట్టి ఇంట్లో ఒక పద్ధతి ఏర్పడింది. టైపు కావలసిన కాగితం ఏదైనా సరే, వంటింటి అలమారు పక్కన ఉండే నీలం ఫైల్లో పెట్టాలి. ఎవరు ముందు బయటికి వెళ్తుంటే వాళ్లు ఆ ఫైలు కిటికీలోంచి మాస్టారి బల్ల మీది చెక్క ట్రేలో పడేయాలి. సాయంత్రం ఎవరు ముందొస్తే వాళ్లు తెచ్చుకోవాలి. ఒకరికొకరు చెప్పుకోవాల్సిన పని కూడా లేదు.

వీధిలో తక్కినవాళ్లదీ ఇంచుమించు అదే పద్ధతి. అయితే మాస్టారికొక నియమం ఉండేది. కోపంలో రాసుకొచ్చిన కాగితాన్ని ఆ రోజు ముట్టుకునేవారు కాదు. ఒకసారి ఇస్త్రీ బాబాయి ప్రహరీగోడ విషయంలో సొంత తమ్ముడి మీద నాలుగు పేజీల ఫిర్యాదు పట్టుకొచ్చాడు. మాస్టారు మొత్తం చదివి, ట్రేలో బోర్లించి, "రేపు రండి బాబాయ్" అన్నారు. బాబాయి చిందులు తొక్కాడు. ఈ ఊళ్లో నువ్వొక్కడివే ఉన్నావా మిషన్ పెట్టుకుని, అన్నాడు. మర్నాడు పొద్దున్నే వచ్చి కాగితం అడిగి తీసుకుని, చింపి జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు. ఆ అన్నదమ్ములు ఇప్పుడు ఒకే బండి మీద బట్టలు తెస్తారు. ఎవరు ఏ వేడిలో రాశారో మాస్టారికి అక్షరాల వంకర చూస్తేనే తెలిసిపోయేది.

కంప్యూటర్లు వచ్చాక శిష్యులు తగ్గారు. ఒకప్పుడు అయిదు మిషన్ల దాకా పెరిగినవి మళ్లీ రెండయ్యాయి. అర్జీలు రాయించుకునేవాళ్లు మాత్రం వస్తూనే ఉండేవాళ్లు. ఆయన పెళ్లి చేసుకోలేదు. బస్సు డిపో వెనక రెండు గదుల్లో వాళ్లక్కతో ఉండేవారు. ఆవిడకి మోకాళ్లు పట్టేసి మెట్లు దిగలేరని విన్నాను. విన్నానే తప్ప ఎన్నడూ చూడలేదు. ముప్పై ఒక్కేళ్లు మా గడపలో కూర్చున్న మనిషిని నేను ఏమేం అడగలేదో తర్వాత గానీ లెక్కకి రాలేదు.

నిరుడు ప్రభుత్వం కొత్త పథకం తెచ్చింది. పరాయి దేశాలవాళ్లు, వాళ్ల వాళ్ల కంపెనీలకి కంప్యూటర్లో పనిచేసుకునేవాళ్లు, ఏడాదిపాటు మన దగ్గరే ఉండి ఆ పని చేసుకోవచ్చట. పన్నుల్లో రాయితీ, అనుమతుల్లో తొందర. మన ఊళ్లో ఉంటారు, మన దుకాణాల్లో కొంటారు, మన ఇళ్లలో అద్దెకుంటారు. బస్టాండు గోడ మీద పెద్ద బొమ్మ వేశారు. అందులో ఒకమ్మాయి కిటికీ పక్కన కాళ్లు బార్లా చాపుకుని, ఒళ్లో కంప్యూటరు పెట్టుకుని నవ్వుతూ ఉంది. ఉద్యోగం చేస్తూ అంతలా నవ్వే మనిషిని నా సర్వీసులో చూడలేదు. మా వీధిలో వాళ్లకి ఒళ్లో ఉద్యోగులని పేరు పెట్టేశారు.

వార్డు ఆఫీసువాళ్లు బడి హాల్లో మీటింగు పెట్టారు. ఇళ్లున్నవాళ్లు గదులు నమోదు చేయించుకుంటే ఆఫీసే మనుషుల్ని పంపుతుందన్నారు. హాలు రెండుగా చీలిపోయింది. రేపు మన పిల్లలకి అద్దెకి గది దొరక్కుండా పోతుందని ఎదురింటి వదినగారు లేచారు. వచ్చినవాళ్లు మన ఉద్యోగాలు లాక్కోరు కదా, వాళ్ల ఉద్యోగం వాళ్లే తెచ్చుకుంటున్నారు, మనకేం పోయిందని మావారు వాదించారు. ఆయన కండక్టరు కాబట్టి ఎక్కేవాళ్లు ఎంతమంది ఉంటే అంత సంతోషం. ఇంతలో వెనక బెంచీ నుంచి మాస్టారు లేచారు. ఆయన సభల్లో మాట్లాడగా మేమెవరమూ వినలేదు.

"నేనూ మిషన్ పట్టుకుని వేరే ఊరినించి వచ్చినవాణ్నేనండి. ఇక్కడెవరూ నన్ను పొమ్మనలేదు. పని చేసుకోడానికి కాస్త చోటు అడుగుతున్నారు. రానివ్వండి. వస్తే ఏమవుతుంది" అని కూర్చున్నారు.

హాలు ఆయన వైపు తిరిగింది. ఆ రోజు మా వీధి ఒప్పుకోవడానికి సగం కారణం ఆయనే.

మా మేడ మీది రెండు గదులకి దరఖాస్తు నీలం ఫైల్లో పెట్టాను. మర్నాడు ఆఫీసుకి వెళ్తుంటే మాస్టారు కిటికీలోంచి పిలిచారు.

"ఇక్కడొక కాలమ్ ఉందమ్మా. పనివేళల్లో చప్పుడు చేసే వ్యాపారం ఏదైనా ఇంట్లో గానీ, ఆనుకుని గానీ ఉందా అని. ఏం కొట్టమంటారు?"

"మీ ఇష్టం మాస్టారూ" అన్నాను.

ఆ 'మీ ఇష్టం'లో నేనేం కోరుకున్నానో నాకు తెలుసు. ఆయన మాత్రం ఉన్నదున్నట్టు కొట్టారు. ఉంది, టైపు మిషన్లు రెండు, అని. పదిహేను రోజులకి దరఖాస్తు తిరిగొచ్చింది.

మాస్టారికి తెలిసి నొచ్చుకున్నారు. ఆ సాయంత్రమే పాత దుప్పటి ఒకటి తెచ్చి, నాలుగు మడతలు వేసి మిషన్ల కింద పరిచారు. నన్ను మేడ మీదికి వెళ్లి వినమన్నారు. వెళ్లాను. కింద ఆయన కొడుతున్నారు. కాస్త తగ్గిన మాట నిజమే, కానీ ప్రతి అక్షరం వినపడుతూనే ఉంది. గంట మోగి లైను మారినప్పుడల్లా ఖంగుమంటోంది. దిగి వచ్చాను.

"వినపడుతోందామ్మా?"

ఆయన కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని నా మొహంలోకే చూస్తున్నారు. పిల్లల పరీక్ష ఫలితం కోసం చూసే తండ్రి మొహంలా ఉంది.

"అస్సలు వినపడట్లేదు మాస్టారూ" అన్నాను.

అదీ నా మొహమాటం. ఎదుటి మనిషి మొహం చిన్నబోతుంటే నేను చూడలేను. చూడకుండా చెయ్యగలిగితే మాత్రం ఏదైనా చేస్తాను. నా సంగతి నాకు అర్థమైంది ఆ తర్వాతే.

వార్డు ఆఫీసుకి వెళ్లి అడిగాను. అక్కడి ఆఫీసరు మర్యాదస్తుడు, గొంతు పెంచకుండానే దారి చెప్పాడు.

"ఆయన్ని ఖాళీ చెయ్యమని మీరు చెప్పుకుంటే ఒక దారమ్మా. చెప్పలేనంటే, చప్పుడు భరించలేకపోతున్నామని వీధివాళ్ల చేత అర్జీ పెట్టించండి. నోటీసు మేమిస్తాం. మీ పేరు బయటికి రాదు."

మీ పేరు బయటికి రాదన్న మాట దగ్గరే పడిపోయాను. ఇంటికొచ్చి మావారికి చెప్పాను.

"ముప్పై ఏళ్ల మనిషి కదోయ్. నేరుగా ఒక మాట చెబితే పోలా?"

"మీరు చెబుతారా?"

మావారు పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నారు. మా ఇంట్లో ధైర్యవంతులు ఎవరూ లేరు.

అర్జీ నేనే రాశాను. గుమాస్తా ఉద్యోగం కదా, ఆ భాష కొట్టిన పిండి. పై విషయమై విన్నవించుకొనునది ఏమనగా, అని మొదలుపెట్టి, యంత్రముల శబ్దము వలన వృద్ధులకు విశ్రాంతి లేక, విద్యార్థులకు చదువు సాగక, అని దంచేశాను. మా వీధి ముసలివాళ్లు ఆ చప్పుడుకే కునుకు తీసేవాళ్లు. ఆగితే మెలకువ వచ్చేది. అదేం రాయలేదు. సదరు వ్యక్తికి వేరే చోట వసతి కలదు అని కూడా రాశాను. కలదో లేదో నేను కనుక్కోలేదు.

ఒక్క చోట మాత్రం కలం ఆగిపోయింది. మా ఇంటి ముందుగదిలో ఫలానా అను వ్యక్తి, అని రాయాలి. ఫలానా ఎవరు? మాస్టారి పేరేంటి? మావారిని అడిగాను. ఆయనా గుడ్లు మిటకరించారు. నాన్న ఉన్నప్పుడు అద్దెల పుస్తకంలో కూడా 'టైపు మాస్టారు' అనే రాసుకున్నాడు. గది ముందు బోర్డు మీద 'టైపు నేర్పబడును' అని తప్ప ఇంకేం లేదు. సరే, తర్వాత ఎవరినన్నా అడుగుదాంలే అని ఆ చోట పొడుగ్గా ఒక గీత గీసి ఖాళీ వదిలేశాను.

సంతకాలకి నేనే తిరిగాను. ఎదురింటి వదినగారు పెట్టారు. ఇస్త్రీ బాబాయి మాత్రం కలం అందుకోకుండా కాగితం రెండుసార్లు చదివాడు.

"మాస్టారికి తెలుసా అమ్మా ఇది?"

"తెలుసు బాబాయ్. ఆయనకీ వేరే చోటికి పోవాలనే ఉంది. నోటీసు ఉంటే కొత్తచోట అనుమతి తొందరగా వస్తుందని ఆయనే అన్నారు."

అబద్ధం అంత సాఫీగా వస్తుందని నేననుకోలేదు. బాబాయి సంతకం పెట్టాడు. మొత్తం పదకొండు మంది. అందరూ నన్ను నమ్మే పెట్టారు.

వార్డు ఆఫీసులో దాన్ని తీసుకోలేదు. చేతిరాత చెల్లదు, టైపు చేయించి, కింద పేర్లు కొట్టించి, మళ్లీ సంతకాలు పెట్టించి తెమ్మన్నారు. నాకు టైపు వచ్చు. నేర్పింది ఎవరో చెప్పక్కర్లేదు. కానీ మా ఆఫీసులో ప్రింటరు పెద్ద గుమాస్తా బల్ల పక్కనే ఉంటుంది. ఆయన కంట్లో పడితే ఊరంతా తెలిసినట్టే. శనివారం సెలవు కదా, ఊరవతల ఏదో ఒక షాపులో కొట్టించుకొద్దామనుకున్నాను. అనుకుని, వంటింట్లో పని మధ్యలో ఆ కాగితం తీసి పక్కన పెట్టాను.

ఎక్కడ పెట్టానో నాకు గుర్తు లేదు. చేతికి గుర్తుంది. ముప్పై ఏళ్లుగా టైపు కావలసిన కాగితం అది ఎక్కడ పెడుతోందో అక్కడే పెట్టింది.

మర్నాడు మావారు తన పింఛను తాలూకు విన్నపం ఒకటి రాసుకుని నీలం ఫైల్లో దోపారు. లోపల ఏమున్నాయో చూసే అలవాటు ఆయనకి ఎప్పుడూ లేదు. తొమ్మిదిన్నరకి బయటికి పోతూ ఫైలు కిటికీలోంచి ట్రేలో వేసి, "మాస్టారూ, సాయంత్రానికి" అని వెళ్లిపోయారు.

నేను అయిదున్నరకి ఆఫీసు నుంచి వచ్చేసరికి నీలం ఫైలు భోజనాల బల్ల మీద ఉంది. మావారు తెచ్చి పెట్టి, చెప్పులు విప్పుతున్నారు. చెయ్యి కడుక్కుని ఊరికే తెరిచాను. పైన పింఛను కాగితం. దాని కింద నా అర్జీ.

రెండు ప్రతులు. ఒకటి అసలు, ఒకటి కార్బను. అంచులు కొలిచి గీసినట్టున్నాయి. ఒక్క అక్షరం తప్పు లేదు. నేను ఎక్కడ కామా మర్చిపోయానో అక్కడ కామా పెట్టి ఉంది. కింద పదకొండు పేర్లు వరసగా, ఒక్కొక్కరి ఇంటిపేరు, తండ్రి పేరుతో సహా. నా చిత్తులో అవి లేవు. ఎవరో గెలికిన సంతకాన్ని కూడా ఆయన గుర్తుపట్టి పూర్తి పేరు కొట్టారు. మా వీధిలో అందరి పేర్లూ, అందరి తండ్రుల పేర్లూ ఆయనకి తెలుసు.

నేను గీత గీసి వదిలేసిన చోట గీత లేదు. అక్కడ ఒక పేరు ఉంది. ఇంటిపేరుతో, తండ్రి పేరుతో, వయసుతో. పేరు లేని అర్జీ చెల్లదని ఆయనకి తెలియదా, తనే నింపారు. ముప్పై ఒక్కేళ్లు నేను మాస్టారూ అని పిలిచిన మనిషి పేరు నేను మొట్టమొదట చదివింది అక్కడే.

మావారు నా భుజం మీంచి చూసి, "అయ్యయ్యో, నేను ఇందులో..." అని ఆగిపోయారు. చెప్పులు పక్కకి తోసి, "రోజుకెన్ని కొడతారు, చదివి ఉండర్లే" అన్నారు. ఆ మాట ఆయనే నమ్మలేదు.

నాకు తల తీసేసినట్టయింది. మంచం మీద ముసుగు పెట్టి పడుకుందామనిపించింది. కానీ ముందుగదిలో ఇంకా చప్పుడు వినపడుతోంది, ఆరు కాలేదు. వెళ్లాను. ఎలా వెళ్లానో తెలియదు. గడప దగ్గర నిలబడ్డాను. మాస్టారు లైను పూర్తి చేసి తలెత్తారు.

"రండమ్మా. కూర్చోండి."

కూర్చోలేదు. ఏదో ఒకటి అనాలి కాబట్టి అడగకూడనిదే అడిగాను.

"మాస్టారూ, అది... మీరెందుకు కొట్టారు? రేపు రమ్మనేవారు కదా అందరినీ."

ఆయన కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడిచారు.

"అది కోపంలో రాసిన కాగితాలకమ్మా. వాటికైతే రేపటికి మనసు మారుతుంది. మీరు ఆలోచించి, నెమ్మదిగా, దస్తూరీ కుదురుగా రాశారు. ఇక ఆపి ఏం లాభం?"

నేను తల వంచుకున్నాను. మిషన్ కింద నాలుగు మడతల దుప్పటి కనపడింది. ఆయనా అటే చూశారు.

"అయితే వినపడుతూనే ఉందన్నమాట" అన్నారు.

ఆ గొంతులో ఎత్తిపొడుపు ఉన్నా బావుండేది. లేదు. తను అడిగిన ప్రశ్నకి ఆలస్యంగా జవాబు దొరికిన మనిషిలా అన్నారంతే. ఒక్క మాట ముందుగా చెప్పి ఉంటే సరిపోయేదమ్మా, అని కూడా అనలేదు. అంటే క్షమించండి అని కాళ్ల మీద పడటానికి నాకో సందు దొరికేది. ఆరు అయింది. ఆయన మిషన్ల మీద గుడ్డ కప్పి, కుర్చీ మడిచి గోడకి ఆనించి, వస్తానమ్మా అని వెళ్లారు.

ఆ అర్జీ నేను ఆఫీసులో ఇవ్వలేదు. ఇవ్వాల్సిన అవసరం రాలేదు. నోటీసు కోసం చూడకుండానే మాస్టారు వారం తిరక్కముందే ఖాళీ చేశారు. వచ్చినప్పుడు తోపుడుబండి, పోయేటప్పుడు ఆటో. తేడా అంతే. నేను ఆ రోజు సెలవు పెట్టి ఉండాల్సింది. ఆఫీసుకి పోయాను, పని ఉందని. సాయంత్రం వచ్చి చూస్తే గది ఊడ్చి ఉంది. తాళంచెవి చెక్క ట్రేలో, ట్రే కిటికీలో. ఊచకి క్యాలెండరు దారం కూడా విప్పుకుని వెళ్లారు. ఇస్త్రీ బాబాయి అప్పటినుంచి మా బట్టలు తీసుకుంటాడు, ఇస్తాడు, నాతో మాట్లాడడు.

మళ్లీ దరఖాస్తు పెడితే నెల తిరక్కుండానే మా గదులకి అనుమతి వచ్చింది. ఒక కుర్రాడొచ్చాడు. పుట్టింది ఒక దేశం, పనిచేసే కంపెనీ ఇంకో దేశం, దిగింది మా మేడ మీద. చెడ్డవాడని చెప్పడానికి నాకు ఒక్క కారణం దొరకలేదు, వెతికినా. మెట్ల మీద ఎదురైతే పక్కకి తప్పుకునేవాడు. మా భాషలో పది మాటలు నేర్చుకుని పదీ వాడేవాడు. కింది ముందుగదిలో వాడి బల్ల వేయించాం. వాడు రోజంతా టకటకా కొడుతూనే ఉండేవాడు. ఇంత చప్పుడేంటని మావారు ఒకరోజు అడిగితే, పాత టైపు మిషన్‌లా మోగుతుందని ఏరికోరి కొనుక్కున్న కీబోర్డట. ఆ చప్పుడు వింటుంటే పని సాగుతుందట. మావారు లోపలికొచ్చి ఆ మాట చెప్పి, నవ్వబోయి, నా మొహం చూసి మానేశారు.

నేల మీద మిషన్ బల్ల కాళ్ల గుర్తులు నాలుగు ఉన్నాయి. ముప్పై ఏళ్ల బరువు, తుడిస్తే పోవు. ఇక్కడ ఏముండేదని వాడు అడిగాడు. చెప్పాను. వాడి కళ్లు మెరిశాయి. ఆయన ఉండగా వచ్చి ఉంటే ఎంత బావుండేది, ఎక్కడున్నారిప్పుడు, అన్నాడు.

"రిటైరయ్యారు" అన్నాను.

అయిదు నెలలకి వాడు వెళ్లిపోయాడు. ఇంకో దేశం రెండేళ్ల అనుమతి ఇస్తోందట. వాడి తప్పేముంది. వెళ్లేముందు గది ఊడ్చాడు.

ఒళ్లో ఉద్యోగుల్ని రానివ్వాలా వద్దా అని టీ కొట్టు దగ్గర ఇప్పటికీ తగువే. దేశానికి మంచిదని ఒకళ్లు, ఊరు మనది కాకుండా పోతోందని ఒకళ్లు. నన్నడిగితే నేనేం చెప్పను? వచ్చిన కుర్రాడు మాస్టారిని పంపెయ్యమనలేదు. ప్రభుత్వం కూడా ఆయన పేరు పెట్టి అడగలేదు, దానికీ ఆ పేరు తెలియదు. ఒక కాలమ్ పెట్టి ఊరుకుంది. మిగతాదంతా నేనే చేశాను. మాస్టారైతే మీటింగులో చెప్పిన మాట మీద ఇప్పటికీ ఉండి ఉంటారు.

కుర్రాడు వెళ్లిన వారానికి ఇక ఉండబట్టలేక మాస్టారిని వెతుక్కుంటూ పోయాను. రిజిస్ట్రేషను ఆఫీసు ముందు రేకుల షెడ్డులో కూర్చుంటున్నారని తెలిసింది. వెళ్లేముందు ఒక కాగితం రాసుకున్నాను. ఏడుస్తూ రాశాను, రాత కొక్కిరిబిక్కిరిగా వచ్చింది. ఫలానా తేదీన నేను రాసిన అర్జీలో ఉన్నదంతా అబద్ధమనీ, ఆ చప్పుడు వల్ల ఎవరికీ ఇబ్బంది కలగలేదనీ, మా ముందుగదిని మళ్లీ ఆయనకే ఇస్తున్నాననీ. ఈసారి ఆయన పేరు ఇంటిపేరుతో, తండ్రి పేరుతో పూర్తిగా రాశాను. నీలం ఫైల్లో పెట్టుకుని వెళ్లాను.

రోడ్డు పక్కన షెడ్డు. లారీలు పోతుంటే రేకులు అదురుతున్నాయి. ఆయన ముందు ఒకటే మిషన్. దాని కింద నాలుగు మడతల దుప్పటి.

"ఈ రోడ్డు మీద దుప్పటెందుకు మాస్టారూ" అన్నాను.

"అలవాటైపోయిందమ్మా" అన్నారు.

ఫైలు ఇచ్చాను. ఆయన కళ్లజోడు సర్దుకుని మొదటినుంచి చివరిదాకా చదివారు. పేరున్న చోట కాస్త ఆగినట్టనిపించింది. కాగితాన్ని ట్రేలో బోర్లించి, ఖాళీ ఫైలు నా చేతికిచ్చారు.

"రేపు రండమ్మా."

"ఇది కోపంలో రాసింది కాదు మాస్టారూ."

"తెలుసమ్మా. అయినా రేపు రండి. మీరు వచ్చి అప్పుడు కూడా కొట్టమంటే కొడతాను."

ఇంటికొచ్చాను. గడపలోనే మావారు ఎదురొచ్చారు. వార్డు ఆఫీసు నుంచి ఫోనొచ్చిందట. ఈసారి భార్యాభర్తలు, ఇద్దరూ ఒళ్లో ఉద్యోగులే, ఏడాది పూర్తిగా ఉంటారు, ఒకటో తారీకు నుంచి. ముందుగది కూడా కావాలట, పని చేసుకోడానికి. ఏం చెప్పమంటావని అడిగారు. నేను చేతిలో ఉన్న నీలం ఫైలు అలమారు పక్కన పెట్టేశాను.

"మీ ఇష్టం" అన్నాను.

మర్నాడు ఆఫీసుకి రిజిస్ట్రేషను ఆఫీసు మీదుగా కాకుండా మార్కెట్టు దారిన వెళ్లాను. ఆ మర్నాడూ అంతే. ఏడు నెలలైంది, ముందుగదిలో ఆ దంపతులు చప్పుడు లేకుండా పనిచేసుకుంటున్నారు, నాది ఇప్పటికీ మార్కెట్టు దారే. ఆ చుట్టుదారికి ఇంకో పావుగంట పడుతుంది. నా కాగితం ఆయన ట్రేలోనే ఉండి ఉంటుంది, పారేసే మనిషి కాదు. దాని కింద నా పేరు నేనే పూర్తిగా రాసి వచ్చాను.